గోత్రము, కులము, ఇంటిపేరు

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై మేము చదువునది పాఠశాల నివేదిక. ఎందరు పరీక్షకు కూర్చుండిరి, ఎందరు తేరిరి, వానకు కారు తూర్పు గది పైకప్పు ఎంతవరకు బాగుపడినది, ఇవియే అందలి ముచ్చటలు. ఈ యేటి నివేదికను అచ్చువేయించి మీ చేతికే ఇచ్చితిమి. అందువలన కార్యదర్శిగారు దయతో మాకు అరగంట కాలము వేరొక విషయమునకై అనుగ్రహించిరి. ఆ విషయము గోత్రము. బడిలో గోత్రమునకు పనియేమి అని మీలో కొందరు అనుకొనవచ్చును. గడచిన నవరాత్రులవరకు మేమును అట్లే అనుకొంటిమి.

మన పాఠశాలలో దసరా సెలవులకు ముందటి పనిదినమున సరస్వతీపూజ చేయుట మొదటినుండి ఆచారము. పిల్లలు తమ పుస్తకములు పటము ముందు పేర్చుదురు. పూజ ముగిసిన పిమ్మట గుగ్గిళ్ళు, అటుకులు పంచుదుము. ఇన్నాళ్ళు పాఠశాల పేరిట ఒకటే సంకల్పము జరుగుచుండెను. ఈ పర్యాయము కొందరు తల్లిదండ్రులు తమ బిడ్డల పేర గోత్రనక్షత్రములతో అర్చన జరిగిన బాగుండునని కోరిరి. మాకు అందు తప్పు తోచలేదు. సరే యంటిమి.

పిల్లలు వరుసగా నిలిచిరి. పురోహితుడుగారు ఒక్కొక్కరిని గోత్రమడుగుచు అర్చన సాగించుచుండిరి. ఒకడు కౌండిన్యస గోత్రమనెను. ఒక బాలిక భారద్వాజస అనెను. ఇంకొకడు పెండ్లికుల అనెను. అంతలో అయిదవ తరగతి బాలుడొకడు ముందునకు వచ్చెను. అరుంధతీయ కుటుంబమునకు చెందినవాడు. ఆ యింట తరతరములుగా మాటాడునది తెనుగే. వాని ఉక్తలేఖనమున తప్పు వెదకుట మా తెలుగు పండితునికే కష్టము. వానికి గోత్రమను మాట క్రొత్త. ఊరక నిలుచుండెను. పురోహితుడుగారు మంచివారే. "తెలియకుంటే కాశ్యప గోత్రమని చెబుదాం లే నాయనా" అనిరి. ఆ మాటతో అది ముగియవలసినది. కాని వెనుకనుండి ఒక పిల్లవాడు, "వాళ్ళకు గోత్రం ఉండదు సామీ!" అని గట్టిగా అనెను. నలుగురు నవ్విరి.

మేము అక్కడనే హారతిపళ్ళెము చేతబట్టుకొని నిలుచుండి యుంటిమి. ఒక్కమాటయైనను మాటాడలేదు. పూజ నడుమ గొడవ యేల అని ఊరకుంటిమి. నవ్విన పిల్లల తప్పుకంటె మా తప్పు పెద్దది. దానిని ఈ సభలో ఒప్పుకొనుటకే మొదట ఈ సంగతి చెప్పితిమి. ఆ బాలుని తల్లి అనుమతి తీసికొనియే చెప్పుచున్నాము.

సెలవుల తరువాత ఆ బాలుడు నాలుగు దినములు బడికి రాలేదు. అయిదవ దినమున తల్లి వచ్చెను. చేతిలో ఒక సంచి. సంచిలో కుల ధ్రువపత్రము, రేషను కార్డు, ఆధారు కార్డు. ఆమె అడిగిన ప్రశ్న ఇది: "సార్, గోత్రమంటే ఏ ఆఫీసులో ఇస్తారు? జాతి సర్టిఫికెట్టు ఇచ్చిన తాలూకా ఆఫీసులోనే ఇస్తారా? ఎంత కట్టాల?"

మాకు నవ్వు రాలేదు. జవాబును రాలేదు. అంతవరకు గోత్రమనగా నేమో మాకు బాగుగా తెలియునని అనుకొంటిమి. ఆమెకు తెలియజెప్పబోయిన తరుణమున మాకు తెలిసినది ఎంత కొంచెమో బయటపడెను. తరువాతి మూడు నెలలు, దొరికిన పుస్తకములు చదివితిమి, పెద్దలను అడిగితిమి. మేము పండితులము కాము. ఇంటరుమీడియేటుతో చదువాపి శిక్షణ పొంది పలక పట్టించుటకు వచ్చినవారము. అయినను ఒక తల్లి అడిగిన ప్రశ్నకు తగిన జవాబు చెప్పవలసిన బాధ్యత బడిది.

గోత్రమను మాట ఋగ్వేదమున ఉన్నది. అక్కడ దాని అర్థము వంశము కాదు. ఆవుల కొట్టము, ఆవుల మంద అని పండితులు చెప్పుదురు. ఒక కొట్టమున ఆవులు కట్టుకొని కలిసి బ్రతికినవారు ఒక గోత్రమువారైరని ఊహింపవచ్చును. వ్యాకరణము వ్రాసిన పాణిని నాటికి అది వంశమును తెలుపు మాట అయినది. మనుమడు మొదలుకొని తరువాతి సంతతికి గోత్రమని ఆయన పేరిడెను. బౌధాయనుడు విశ్వామిత్రుడు, జమదగ్ని, భరద్వాజుడు, గౌతముడు, అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు అను ఏడుగురికి అగస్త్యుని ఎనిమిదవవానిగా చేర్చి, వీరి సంతతియే గోత్రమని చెప్పెను. ఇక ప్రవర యనునది వేరు. యజ్ఞమున అగ్నిని పిలుచునపుడు తమ వంశమందలి ఋషులను పేర్కొనుటయే ప్రవర. ఆ ఋషులు ఒకరుండవచ్చును, ఇద్దరు, ముగ్గురు, లేక అయిదుగురు ఉండవచ్చును, నలుగురు ఉండరాదు. కౌండిన్య గోత్రమువారు వసిష్ఠ, మైత్రావరుణ, కౌండిన్యులను ముగ్గురను చెప్పుదురు. శ్రీవత్సులు భార్గవాదిగా అయిదుగురను చెప్పుదురు. గోత్రము ఒకటియైనను, ప్రవర కలిసినను పిల్లను ఇచ్చిపుచ్చుకొనరాదని నియమము.

ఇంతవరకు మీలో చాలమందికి తెలిసినదే. తెలియక పొరపడునది తరువాతి మెట్టునందు. గోత్రమనగా కులములోని ఒక చిన్న కులమనియు, గొప్ప గోత్రములు తక్కువ గోత్రములు కలవనియు పిల్లలు అనుకొనుచున్నారు. పెద్దలును కొందరు అట్లే తలచెదరు. నిజమునకు ఈ రెండును ఎదురెదురుగా పనిచేయును. పిల్లను ఎవరి నడుమ ఇయ్యవలెనో చెప్పునది కులము. ఎవరి యింట ఇయ్యరాదో చెప్పునది గోత్రము. కులము లోపలికి లాగును, గోత్రము వెలుపలికి నెట్టును. భారద్వాజ గోత్రీకులు తెలుగు బ్రాహ్మణులలో కలరు, వంగదేశమునందలి ముఖోపాధ్యాయులును భారద్వాజులే. పూర్వాచారము ప్రకారము వీరు సగోత్రులగుటచే వియ్యమందరాదు. సగోత్రులు కాకపోయినను శాఖ వేరగుటచే అందరాదు. రెండు కంచెల నడుమ మిగిలిన సందులోనే మన పెండ్లిండ్లు జరుగుచు వచ్చినవి.

ఈ రెండు కంచెలలో ఏది ముందు, ఏది వెనుక? 1916వ సంవత్సరము మే నెలలో, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున, ఇరువదియైదేండ్ల యువకుడొకడు భారతదేశమునందలి కులములను గూర్చి ఒక వ్యాసము చదివెను. ఆయనయే తరువాత రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షులైన డాక్టరు అంబేద్కరు. ఆయన వాదము సులభముగా చెప్పిన ఇది: మన దేశమునందలి ప్రాచీన జనులందరిలో స్వవంశమున పెండ్లి కూడదను నియమమే మొదట ఉండెను, పిమ్మట కొన్ని వర్గములు తమ గుంపు వెలుపల పెండ్లి కూడదని తలుపులు మూసికొనెను, పాతనియమముపైన ఈ క్రొత్తనియమము పరచుటయే కులము పుట్టుక. ఈ వాదమును పూర్తిగా ఒప్పుకొననివారును కలరు. కాని గోత్రమును, కులమును ఒకే తక్కెడలో తూచరాదని ఆ వ్యాసము చదివిన తరువాత మాకు స్పష్టమైనది.

అయినచో గోత్రము లేనివారు ఎవరు? ఇచట ఒక విచిత్రము చెప్పవలెను. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య రాజధాని కల్యాణమున, నేటి కర్ణాటకమందలి బసవకల్యాణమున, సుమారు తొమ్మిదివందల ఏండ్ల క్రిందట ఉండెను. క్షత్రియ వైశ్యులకు సొంత గోత్రములు లేవనియు, వారి పురోహితుల గోత్రప్రవరలే వారికిని చెల్లుననియు ఆయన వ్రాసెను. అనగా ఆ శాస్త్రము ప్రకారము, బ్రాహ్మణేతరులలో గోత్రము చాలవరకు అరువు సొత్తు. రక్తమున వచ్చినది కాదు, పురోహితునివలన వచ్చినది.

ఇది చదివినపుడు మా తాతగారి కథ గుర్తునకు వచ్చెను. ఆయన రామేశ్వరమునకు పోయి తర్పణము వదలబోగా అక్కడి పురోహితుడు గోత్రమడిగెనట. తాతగారికి తెలియదు, మా కులమున అందరిని కలిపి ఒక గోత్రము చెప్పుట తప్ప వేరుగా లేదు, అదియును ఆయనకు ఆ సమయమున నోటికి రాలేదు. ఊరిలో తమ ఇంటికి పంచాంగము చెప్పు పురోహితుని గోత్రము జ్ఞాపకము వచ్చి దానినే చెప్పిరి. నాటినుండి మా యింట అదియే గోత్రము. మా పెండ్లి శుభలేఖపైనను అదియే అచ్చయినది. దాని వయస్సు నూరేండ్లు కూడ లేదు. అరువు తెచ్చుకొన్న గోత్రము గలవారము హారతిపళ్ళెము పట్టుకొని, లేనివానిని చూచి నవ్వుచుండగా ఊరకుంటిమి!

మన తెలుగు కులములను ఒక్కొక్కటిగా చూచినచో గోత్రము ఎన్ని రూపములు దాల్చెనో తెలియును. ఆర్యవైశ్యులు నూటరెండు గోత్రములను చెప్పుదురు; పశ్చిమ గోదావరియందలి పెనుగొండలో వాసవీకన్యకతో అగ్నిప్రవేశము చేసినవారి సంతతియని వారి నమ్మకము. వారి గోత్రనామములలో అచ్చతెలుగు పేరులున్నవి. కొన్నింటికి ఒక్కొక్క చెట్టుతో సంబంధము కలదు. ఆ గోత్రమువారు ఆ చెట్టును కొట్టరు, దాని కాయను తినరు. విశ్వబ్రాహ్మణులకు సానగ, సనాతన, అభువన, ప్రత్న, సుపర్ణ యను అయిదు గోత్రములు. ఇనుము, కొయ్య, కంచు, రాయి, బంగారము పనులు ఈ అయిదింటికి పంచబడినవి. అక్కడ గోత్రము వంశముతోపాటు చేతిపనికిని గుర్తు. పద్మశాలీలు భావనాఋషి నూటొక్క కుమారులనుండి తమ నూటొక్క గోత్రములు కలిగినవని చెప్పుకొందురు. షోలాపురమునకు మగ్గములతో వలసపోయినవారు ఆ గోత్రములను వెంట తీసికొనిపోయిరి. ఇక సేద్యము చేయు కులములలో పెక్కింట కులమంతటికి ఒకటే గోత్రము చెప్పుదురు. ఒకటే గోత్రమైనచో పెండ్లి ఎట్లు? అక్కడ గోత్రము సంకల్పమునకే కాని సంబంధమునకు కాదు. సంబంధమును నిర్ణయించునది ఇంటిపేరు. ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ములు, దాయాదులు. వారి నడుమ పెండ్లి లేదు. ఆదిలాబాదు రాజగోండులలో ఋషులతో పనియే లేదు. నాలుగు దేవతలవారు, అయిదు దేవతలవారు, ఆరు, ఏడు దేవతలవారు అని విభాగములు. ఒకే సంఖ్యవారు వియ్యమందరు.

దీనినిబట్టి మీరే చూడవచ్చును. అన్నదమ్ముల వరుసవారు పెండ్లాడరాదను ఏర్పాటు ఎల్లవారికిని కలదు. అది లేని కులము లేదు. దానికి కొందరు ఋషిపేరు పెట్టుకొనిరి, కొందరు చెట్టుపేరు, కొందరు ఊరిపేరు. ఋషిపేరు లేనంతమాత్రమున వంశము లేదనుట తెలియనితనము.

ఒక సంగతి నడుమ చెప్పి ముందునకు పోయెదము. తొమ్మిదవ తరగతి విద్యార్థియొకడు మాకు ఫోనులో ఒక సందేశము చూపెను. గోత్రమనగా వై క్రోమోజోమే, దానిని మన ఋషులు ఎన్నడో కనుగొనిరని అందున్నది. మా సైన్సు మాస్టరుగారిని అడిగితిమి. వై క్రోమోజోము తండ్రినుండి కొడుకునకు వచ్చుట నిజమే. కాని దత్తతపోయిన పిల్లవానికి గోత్రము మారును, క్రోమోజోము మారదు. పెండ్లియైన స్త్రీకి భర్త గోత్రము వచ్చును, ఆమెకు ఆ క్రోమోజోమే లేదు. పురోహితుని గోత్రము తీసికొన్న మా తాతగారికి పురోహితుని క్రోమోజోము రాలేదు. కావున ఆ సందేశమును నమ్మి పరీక్షలో వ్రాయవలదని వానికి చెప్పితిమి. ఫోనులో వచ్చినదంతయు శాస్త్రమని నమ్ము అలవాటు పిల్లలకంటె పెద్దలకే హెచ్చుగా ఉన్నదని మా అనుభవము.

చట్టము సంగతి కొలదిగా. సగోత్ర వివాహము చెల్లదను పాత నియమమును 1946వ సంవత్సరపు చట్టము తొలగించెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము గోత్రమును అడ్డముగా చెప్పలేదు; తండ్రివైపు అయిదు తరములు, తల్లివైపు మూడు తరములలోపల పెండ్లి కూడదని మాత్రము చెప్పి, ఆచారమున్నచోట దానికిని మినహాయింపు ఇచ్చెను. మన మేనరికము ఆ మినహాయింపువలననే నిలిచినది. మేనమామ కూతురిని పెండ్లాడుట దక్షిణాదివారి ఆచారమని బౌధాయనుడే పేర్కొనెను గనుక అది నిన్నటిది కాదు. ఉత్తరాదివారికి ఇది వినుటకే వింత. వారిలో పెక్కుచోట్ల తన గోత్రము, తల్లి గోత్రము, ఇంకను అవ్వల గోత్రములు కూడ వదలవలెను. ఈ భేదమును ఇరావతీ కార్వే గారు 1953లో ప్రచురించిన తమ గ్రంథమున విపులముగా వివరించిరి.

ఆ పట్టింపు ప్రాణములు తీసినదియును కలదు. హర్యానాలో 2007వ సంవత్సరమున ఒకే గోత్రమువారైన యువతీయువకులు పెండ్లాడిరని బంధువులే వారిని చంపిరి. 2010లో కర్నాలు న్యాయస్థానము దోషులకు శిక్షలు విధించెను. ఇద్దరు వయోజనులు ఇష్టపడి చేసికొన్న పెండ్లిలో కుల పంచాయతీలు తలదూర్చుట చట్టవిరుద్ధమని 2018లో సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పెను. మన వాడలలో అట్టి ఘోరము లేదు, దేవుని దయ. మన వాడలలో ఉన్నది నవ్వు. అదియును ఒక బాలుని నాలుగు దినములు బడికి దూరము చేసెను.

ఈ సంగతి తెలిసి ఒక పెద్దమనిషి మంచి మనస్సుతోనే మాకొక సలహా చెప్పిరి. "ఆ పిల్లవానికి కాశ్యప గోత్రం రాసిపెట్టండి. సర్వప్రాణులూ కశ్యపుని సంతతే కదా! గోత్రం తెలియనివారందరూ అదే చెబుతారు" అనిరి. శాస్త్రసమ్మతమైన సలహాయే. మేము వారము దినములు ఆలోచించితిమి. ఒప్పుకొనలేదు. కారణము చెప్పెదము.

పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది మొదటను జనాభా లెక్కలవారు కులములను వరుసపెట్టి వ్రాసికొనుచుండగా, పెక్కు కులసంఘములు తమకును ఋషులు కలరు, గోత్రములు కలవు, జందెము కలదు అని కరపత్రములు వేసెను, అర్జీలు పెట్టెను. ఆచార్య ఎం. ఎన్. శ్రీనివాస్ గారు 1952లో దీనికి సంస్కృతీకరణమని పేరు పెట్టిరి. వారిని తప్పుపట్టము, అవమానమునుండి బయటపడుటకు వారికి ఆ దారి తోచినది. కాని ఆ నిచ్చెన ఎక్కిన ప్రతివారును తమ క్రింద ఇంకొకరిని నిలిపియే పైకి పోయిరి. ఆ బాలునికి మేము గోత్రమిచ్చినచో, రేపు ఇంకొక గోత్రము లేని బాలుడు వరుసలో నిలుచును. అప్పుడు నవ్వువాడు వీడే కావచ్చును. పైగా, నీకు లేనిది మేమిచ్చితిమి అన్న మాట అందులో ఉన్నది. వానికి ఏమి లేదు?

మీరు చిత్తగింపుడు. మన పెండ్లిండ్లలో వధూవరులకు పురోహితుడు ఆకాశమున ఏ నక్షత్రమును చూపును? అరుంధతిని. అరుంధతి ఎవరు? గోత్రఋషులలో ఒకడైన వసిష్ఠుని ఇల్లాలు. ఆమె తమ ఇంటి ఆడబిడ్డయని ఆ బాలుని కులమువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. వారి కులమునకు ఆ పేరు అందువలననే కలిగినది. వాసిష్ఠ గోత్రమని గర్వముగా చెప్పుకొను మనము, ఆ యింటి ఆడబిడ్డ నక్షత్రమును చూడక పెండ్లి పూర్తిచేయము; ఆ యింటి బిడ్డకు మాత్రము గోత్రముండదు అని నవ్వుదుము. ఈ మాట మేము ఆ తల్లికి చెప్పితిమి. ఆమెకు అరుంధతి కథ మాకంటె బాగుగా తెలియును. మేము చెప్పుచుండగా రెండు చోట్ల మమ్ము దిద్దెను.

ఆమె ప్రశ్నకు జవాబుగా మేము చెప్పినది ఇది. గోత్రము ఏ ఆఫీసులోను ఇయ్యరు. ఏ ఆఫీసులోను అడుగరు. బడిలో చేరుటకు, పరీక్ష వ్రాయుటకు, ఉపకారవేతనము పొందుటకు దానితో పనిలేదు. కుల ధ్రువపత్రము మాత్రము భద్రము. తమిళనాడులో షెడ్యూల్డు కులముల వాటాలో అరుంధతీయులకు నూటికి మూడు వంతులు ప్రత్యేకముగా కేటాయించుచు 2009లో చట్టము వచ్చినది గనుక, పత్రమున కులనామము సరిగా ఉండవలెను. ఇది ఇతర తల్లిదండ్రులకును చెప్పుచున్నాము: ఈ యేడు ముగ్గురు కులము గడిలో గోత్రము వ్రాసి తెచ్చిరి. ఒకరు శివగోత్రమని వ్రాసిరి. ఆ దరఖాస్తులను మరల నింపవలసి వచ్చినది.

అటుపిమ్మట ఆమెను మేమొక ప్రశ్న అడిగితిమి. మీ ఇంటిపేరేమి? ఆమె తడుముకొనక చెప్పెను. అది ఒక ఊరిపేరు. మన పాఠశాలలోనే వేరొక కులమునకు చెందిన రెండు కుటుంబములకు ఆ ఇంటిపేరే కలదు. ఇందు ఆశ్చర్యము లేదు. ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరు ఆ ఊరు విడిచిపోయిన ఎల్లవారికి వచ్చును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు నియోగి బ్రాహ్మణులు. పదునారవ శతాబ్దిలో నిరంకుశోపాఖ్యానము వ్రాసిన కందుకూరి రుద్రకవి విశ్వబ్రాహ్మణుడని ప్రసిద్ధి. గోత్రము ఋషివద్దకు తీసికొనిపోవును, అంతదూరము ఎవరును నడిచి చూడలేరు. ఇంటిపేరు బస్సెక్కి పోగల ఊరికి తీసికొనిపోవును.

ఆ ఇంటిపేరు మన చేతినుండి జారిపోవుచున్నది. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో పాలన స్థాపించిన నాటికి ముందును వెనుకను మన పూర్వులు సైనికులుగా, రైతులుగా, నేతగాండ్రుగా, చెప్పులు కుట్టువారుగా, పురోహితులుగా ఈ దేశమునకు వచ్చిరి. భాష నిలుపుకొనిరి, ఇంటిపేరు నిలుపుకొనిరి. ఇప్పుడు తమిళదేశపు వాడుక ప్రకారము పేరు ముందు తండ్రిపేరు మొదటి అక్షరము మాత్రము వ్రాయుచున్నాము. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ పేరు చివర కులబిరుదములు విడువవలెనని తీర్మానించెను. అది మంచిపని, దానిని మేము గౌరవింతుము. కాని బిరుదముతోపాటు ఇంటిపేరును విడుచుట పొరపాటు. నాయుడు, రెడ్డి, చెట్టి యనునవి కులమును చాటును. ఇంటిపేరు చాలవరకు ఊరినో, పూర్వుని పేరునో చెప్పును. మా రిజిస్టరులో రెండువందల పేరులు చూచితిమి. ఇంటిపేరు వ్రాసినవి ముప్పది లేవు. ఆరవ తరగతిలో అడుగగా సగముమందికి తమ ఇంటిపేరు తెలియదు. వారిలో గోత్రము తెలిసినవారును కలరు! అర్చన చీటిలో ప్రతి నెల గోత్రము వ్రాయుచుందురు గనుక అది నిలిచినది. ఇంటిపేరు వ్రాయు చోటు లేదు గనుక అది పోయినది.

దీనివలన నష్టము లేదనుకొనవలదు. కులమంతటికి ఒకటే గోత్రమున్నవారిలో దాయాదులెవరో తెలియుటకు ఇంటిపేరు తప్ప వేరు ఆధారము లేదు. రెండేండ్ల క్రిందట మన వాడలోనే ఒక సంబంధము నిశ్చయతాంబూలములవరకు పోయి, ఇరువైపుల ముసలమ్మలు మాటలలో ఇంటిపేరులు కలిపి చూచుకొనగా అన్నదమ్ముల బిడ్డల వరుస తేలి ఆగిపోయెను. ముసలమ్మలు ఇద్దరును ఇప్పుడు లేరు.

కార్యవర్గముతో సంప్రదించి మేము రెండు ఏర్పాటులు చేసితిమి. మొదటిది, రాబోవు సరస్వతీపూజనాడు పూర్వమువలె పాఠశాల పేరిట ఒకటే సంకల్పము జరుగును, ఎవరిని గోత్రమడుగరు. పురోహితుడుగారు దీనికి మనఃపూర్వకముగా సమ్మతించిరి. అందరి పేరిట ఒక సంకల్పము చేయుట శాస్త్రమునకు విరుద్ధము కాదని వారే చెప్పిరి. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు. మా ఆచారము మేము చెప్పుకొనరాదా అని అడిగిరి. మీ ఇంట, మీ గుడిలో, మీ పెండ్లిలో తప్పక చెప్పుకొనవచ్చును, ప్రవరతోసహా పిల్లలకు నేర్పవచ్చును. మేమును మా తాతగారి అరువు గోత్రమును విడువలేదు. బడిలోని పటము ముందు మాత్రము పిల్లలు పుస్తకములు పట్టుకొని నిలుచుందురు.

రెండవది, కార్యాలయమున మేజాపై అట్టవేసిన పెద్ద పుస్తకమొకటి ఉంచితిమి. అందు ప్రతి కుటుంబము తన ఇంటిపేరును, తెలిసినచో దానికి మూలమైన ఊరిని, ఎన్ని తరములనుండి ఇచ్చట ఉన్నదియు వ్రాయవలెను. కులము వ్రాయు గడి అందులో లేదు. మొదటి పుటలో ఆ తల్లి తన చేతితో వ్రాసినది ఉన్నది. తెలుగు లిపిలో వ్రాయుట ఆమెకు రాదు. కొడుకు ప్రక్కన నిలిచి ఒక్కొక్క అక్షరము చెప్పుచుండగా వ్రాసెను. ఇప్పటికి నలుబదియొక్క కుటుంబములు వ్రాసినవి. మిగిలినవారు పాత దస్తావేజులు, పెండ్లి శుభలేఖలు, తాతల నాటి ఉత్తరములు ఉన్నచో తీసికొని రావలెను. చదువుటకు వీలుకాని వ్రాతను మా తెలుగు పండితుడు చదివిపెట్టును. ఇంట ముసలివారున్నచో వారినే వెంటబెట్టుకొని వచ్చిన ఇంకను మేలు. బుధవారము, శనివారము సాయంకాలము నాలుగున్నర తరువాత కార్యాలయము తెరచియుండును.